వాడకం చెప్పు మేడమ్మా

పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. బడికి ఇంకా టైముందని ఫోన్ తీసి ఊరికే స్టేటస్‌లు చూస్తున్నాను. ఒకరి పుట్టినరోజు, ఒకరి తిరుమల ప్రయాణం, ఒకరి కొత్త స్కూటర్. ఆ తర్వాత ఆమె ఫోటో వచ్చింది. చుట్టూ బంతిపూల దండ, కింద పెద్ద అక్షరాలతో ఓం శాంతి. పెట్టింది ఆమె కోడలు.

అంత ఇష్టమైన మనిషి పోయిందని తెలిస్తే ముందు ఏడుపు రావాలి. నాకు భయం వేసింది. ఆ గడ్డ వల్లే పోయిందా? మొదట తోచింది అదే. అదే నిజమైతే అందులో నా చెయ్యి కూడా ఉన్నట్టే. పప్పు అడుగంటిన వాసన వచ్చేదాకా అక్కడే అలాగే నిలబడిపోయాను.

ఆ భయం ఎందుకో తెలియాలంటే ఆమె ఎలాంటి మనిషో తెలియాలి.

పెళ్ళికి ముందు నేను ధర్మవరంలో ఇంగ్లీషు నేర్పేదాన్ని. పట్టుచీరల అంగళ్ళ వీధిలో ఒక అంగడి మిద్దె మీద గది. బెంగళూరులో ఉద్యోగం వెతుక్కునే డిగ్రీ పిల్లలు, ఇంటర్వ్యూ అంటే నోరు పెగలని ఆడపిల్లలు, చీరలు మడిచి చూపించే సేల్స్‌మెన్ నా దగ్గరికి వచ్చేవాళ్ళు. ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఆమె మెట్లెక్కి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. అరవైకి దగ్గర పడ్డ మనిషి. మనవడినో మనవరాలినో చేర్పించడానికి వచ్చిందనుకున్నాను.

"ఎవరిని చేర్పించాలమ్మా?"

"నన్నే."

పిల్లలు నవ్వారు. ఆమె వాళ్ళ వైపు చూడలేదు. ఫ్యాన్ కింద బెంచీ ఏదో చూసుకుని, అక్కడ కూర్చున్న వాళ్ళను "కొంచెం జరగండప్పా" అని జరిపి కూర్చుంది. ఆ చోటు ఆమె మళ్ళీ ఎవరికీ వదల్లేదు. ఆలస్యంగా వచ్చినా సరే, ఫ్యాన్ కింద చోటు ఆమెదే. దాని కోసం పోట్లాడేది కూడా.

వీధిలో అందరూ ఆమెను శెట్టెమ్మ అనేవాళ్ళు. అసలు పేరు నాకు తెలుసు. కానీ ఏనాడూ ఆ పేరుతో పిలవలేదు, ఇప్పుడు రాస్తే వేరే ఎవరి గురించో రాసినట్టుంటుంది. నాలుగిళ్ళ అవతల వాళ్ళ అంగడి. మూడు తరాల పట్టుచీరల వ్యాపారం. ఆమె మాత్రం ఎప్పుడూ నూలుచీరే. ఒకసారి అడిగితే, "పట్టు అమ్మేటోళ్ళం మేము, కట్టేటోళ్ళం కాదు" అంది.

నన్నేమని పిలవాలన్నది ఆమెకు మొదటిరోజే సమస్య అయింది. "నాకంటే శానా చిన్నదానివి, మేడమ్ అనేకి నోరు రాదు. నేర్పించేదానివి, పేరు పెట్టి పిలిచేకి మనసు రాదు. మేడమ్మా అంటా, సరేనా?" అప్పటినుంచీ నేను మేడమ్మనే.

ఆమెకొక అలవాటుండేది. ఎవరు ఎదురుపడ్డా ముందు మొహం చూడదు, చీర చూస్తుంది. పలకరిస్తూనే అవతలి మనిషి కొంగు అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని నలుపుతుంది. అది ఏ మగ్గం మీద నేసిందో, పట్టులో ఏమైనా కలిసిందో లేదో ఆ రెండు వేళ్ళకు తెలిసిపోతుంది. కొత్త ఇంగ్లీషు మాట విన్నప్పుడు కూడా ఆ వేళ్ళు గాలిలో అలాగే కదిలేవి. కాసేపు నలిపి, అప్పుడు అడిగేది.

"అర్థం ఉండనీలే. వాడకం చెప్పు మేడమ్మా. యాడ వాడల్ల, యాడ వాడగూడదు?"

చాలా మాటలను ఆమె ఆ పరీక్షలోనే తిప్పికొట్టింది. నైస్ అనే మాట ఆమెకు నచ్చలేదు. "అన్నిటికీ నైస్ అంటాంటే ఇంక వస్తువును చూసేదేముండాది?" అంది. ఆసమ్ అన్నదాన్ని దగ్గరికే రానివ్వలేదు. వ్యాకరణం సంగతి చెప్పక్కర్లేదు. టెన్సులన్నీ ఆమెకు ఒకటే టెన్స్. నేను దిద్దితే వినేది, మరుసటిరోజు మళ్ళీ అదే తప్పు చెప్పేది. నీళ్ళ ట్యాంకర్ వచ్చే రోజు క్లాసుకు వచ్చేది కాదు. వచ్చినా చీర కుచ్చిళ్ళు తడిసి, బిందెలు నింపిన ఆయాసంతో ఆఖర్న వచ్చేది. ఇంట్లో పనిమనిషి ఉన్నా నీళ్ళ దగ్గర మాత్రం తనే నిలబడాలి. ఎవరినీ నమ్మదు.

ఇలా సాగుతుండగా ఒకరోజు నెసెసరీ అనే మాట వచ్చింది.

బోర్డు మీద రాసి చెప్పాను. నెసెసరీ అంటే అవసరమైనది. ఇంపార్టెంట్ అంటే ముఖ్యమైనది. ఆమె చెయ్యెత్తింది.

"రెండూ ఒకటే కదా?"

"కాదమ్మా. నెసెసరీ అంటే అది లేకుంటే పని జరగనే జరగదు. ఇంపార్టెంట్ అంటే దానికి విలువ ఎక్కువ, అంతే."

ఆమె వేళ్ళు కదిలాయి. "పప్పుకి ఉప్పు?"

"నెసెసరీ."

"నెయ్యి?"

నేను కొంచెం తడబడ్డాను. ఆమే తేల్చేసింది. "నెయ్యి ఉంటే బాగుంటాది. లేకున్నా పప్పు పప్పే. నెసెసరీ కాదు."

వెనక బెంచీలో చీరలంగడి సేల్స్‌మన్ ఒకతను ఊరుకోలేదు. "మల్ల పెండ్లికి పట్టుచీర శెట్టెమ్మా?"

"చీర నెసెసరీ," అంది ఆమె వెనక్కి తిరక్కుండానే. "పట్టు నెసెసరీ అని జనాల్ని నమ్మించింది మేమే."

క్లాసంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. ఆ మాట స్పెల్లింగు మీద పడింది. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళు కూడా తప్పు రాసే స్పెల్లింగు అది. సి ఎన్ని, ఎస్ ఎన్ని అన్న దగ్గర చెయ్యి ఆగిపోతుంది. ఆమె బోర్డు వైపు కాసేపు చూసి, "సి అంటే చీర. ఎస్ అంటే సరిగ. చీర ఒకటి, సరిగ అంచులు రెండు. మర్చిపోయేదేముండాది?" అంది. ఈనాటికీ బడిలో పిల్లలకు నేను ఆ స్పెల్లింగు అలాగే చెప్తాను.

తర్వాత ప్రశ్న ఎలా అడగాలో చెప్పాను. ఇట్ ఈజ్ నెసెసరీ అంటే అవసరమని చెప్పడం. ఈజ్ అన్నదాన్ని ముందుకు తెచ్చి, ఈజ్ ఇట్ నెసెసరీ అంటే అడగడం.

"ఒక్క మాట ముందరికి జరిపితే చాలునా?"

"చాలు."

"మల్ల వాండ్లు జవాబు చెప్పల్లనా?"

"అడిగితే చెప్పాలి కదమ్మా."

క్లాసయ్యాక ఆమె మెట్లు దిగుతూ అదే మాట ఒక్కో మెట్టుకూ ఒకసారి అనుకుంటూ పోవడం కిటికీలోంచి విన్నాను.

ఆ మాట దొరికాక ఆమె దాన్ని పెట్టెలో దాచుకోలేదు. వీధిలోకి తీసుకుపోయింది. మూడో కాఫీ అడిగిన మొగుడిని అడిగింది. సత్యనారాయణ వ్రతానికి ఇంకో హోమం కలుపుతానన్న అయ్యవారిని అడిగింది. "నెసెసరీ అంటే ఏందమ్మా?" అన్నాడట ఆయన. ఈమె విడమర్చి చెప్పింది. ఆయన ఆలోచించి, "తప్పనిసరి కాదు గానీ, చేస్తే శ్రేయస్కరం" అన్నాడు. "అయితే అది నెయ్యి" అని ఆమె ఆ హోమాన్ని కొట్టేసింది.

అంగట్లో జరిగింది మాత్రం వీధంతా చెప్పుకున్నారు. బెంగళూరు నుంచి ఒక పెళ్ళివాళ్ళు వచ్చారు. అంగట్లో ఉన్న వాటిలోకల్లా బరువైన చీర పెళ్ళికూతురి తల్లి చేతికెత్తుకుంది. అమ్మాయి ఆ బరువు చూసి మొహం చిన్నబుచ్చుకుంది. గల్లా పక్కన కూర్చున్న ఈమె అమ్మాయి వైపు తిరిగి, మెల్లగా, ఇంగ్లీషులో అడిగింది, ఈజ్ ఇట్ నెసెసరీ అని. అమ్మాయి నో అంది. తల్లీకూతుళ్ళు వాదించుకుంటూ లేచి బయటికి పోయారు. ఆ సాయంత్రం ఆమె భర్త శెట్టిగారు మిద్దెక్కి నా దగ్గరికి వచ్చాడు.

"ఏమప్పా, నువ్వు నేర్పిస్తే మా వ్యాపారానికి పనికొచ్చేది నేర్పీ. ఇదేం నేర్పిస్తివి?"

నేను క్షమాపణ చెప్పబోతుంటే ఆయనే నవ్వేశాడు. తర్వాత రెండురోజులకు ఆ అమ్మాయి ఒక్కతే తిరిగొచ్చి, తేలికగా ఉండే చీరలు తీసుకుపోయిందట. ఆ సంగతి ఆయన నాకు చెప్పలేదు. ఆమె చెప్పింది.

నాట్ నెసెసరీకీ అన్‌నెసెసరీకీ తేడా చెప్పినప్పుడు ఆమెకు మరీ నచ్చింది. మొదటిది అవసరం లేదు అనడం. రెండోది అనవసరం అనడం, అంటే కసురుకున్నట్టు. "మొదటిదాంట్లో మర్యాద ఉండాది మేడమ్మా. వద్దంటామే గానీ వాండ్లను నొప్పించం" అంది. ఇంట్లో కోడలి మీద మాత్రం రెండోదే వాడేదని తర్వాత తెలిసింది. ఆమె దేవత కాదు. నోరు పెద్దది. ఎవరింట్లో ఏం కూరో దగ్గర్నుంచి అన్నీ కావాలి. నాకు సంబంధం కుదిరిందని తెలిసి, క్లాసు మధ్యలోనే, అందరి ముందూ అడిగింది. "ఆ పెండ్లి నీకు నెసెసరీనా?"

నాకు సిగ్గేసింది, కోపం కూడా వచ్చింది. "నెసెసరీ కాదు. నాకిష్టం" అన్నాను.

వేళ్ళు నలుపుతూ నా మొహం చూసింది. "అయితే చేసుకో. నెసెసరీ అని చేసుకోవద్దు" అంది.

అంత ముసలితనంలో ఇంగ్లీషు ఎందుకని నేను చాలా రోజులు అడగలేదు. మనవలతో మాట్లాడటానికేమో అనుకున్నాను. ఒక మధ్యాహ్నం క్లాసు అయిపోయింది, ఎండకు కిందికి దిగబుద్ధి కాక ఆమె కిటికీ దగ్గర కూర్చుంది. వీధిలో ట్యాంకర్ కోసం బిందెలు వరసగా పెట్టి ఉన్నాయి, మనుషులు నీడకు చేరారు. ఆ బిందెల వైపు చూస్తూ తనంతట తనే చెప్పింది.

"నలభై నిండకముందు నాకు ఆపరేషన్ అయినాది. అనంతపురంలో. నేను, మా మరిది పోయింటిమి. మా ఇంట్లో చదువుకున్నోడు ఆయనే. డాక్టరు ఆయన్తో ఇంగ్లీషులో మాట్లాడె. ఆయన డాక్టర్తో ఇంగ్లీషులో మాట్లాడె. మధ్యలో నేను కూర్చోనుంటి. ఒకసారి డాక్టరు మొగం చూస్తి, ఒకసారి మరిది మొగం చూస్తి. తిరణాల్లో తప్పిపోయిన బిడ్డ మాదిరి. మరుసటి వారం ఆపరేషన్ చేసినారు. గర్భసంచి తీసినారని ఆసుపత్రి ఆయమ్మ చెప్తే నాకు తెలిసె."

"మీ మరిది చెప్పలేదా?"

"ఆయనకు సిగ్గు. వదినతో ఎట్ల చెప్తాడు? మంచోడే. నా కోసం ఆసుపత్రిలోనే పండుకున్నాడు పాపం. అది తియ్యాల్సిందే అయ్యుండొచ్చు. తియ్యకుంటే చచ్చిపోయేదాన్నేమో. ఆ సంగతి ఈ పొద్దుకీ నాకు తెల్దు. నా ఒంటి సంగతి నా ముందరే మాట్లాడినారు, అది నెసెసరీనా అని నేను అడగలేకపోతి. ఆ మాట నా దగ్గర ల్యా."

కింద ట్యాంకర్ హారన్ వినిపించింది. ఆమె కొంగు దోపుకుని గబగబా దిగిపోయింది.

అది చెప్పిన ఏడాదికి గడ్డ కనబడింది. రొమ్ములో. స్నానం చేసేటప్పుడు చేతికి తగిలిందట. ఇంట్లో చెప్పడానికి ముందు నాకు చెప్పింది. వాళ్ళ కొడుకు హడలిపోయాడు. అతని మేనత్త రొమ్ము క్యాన్సర్‌తోనే పోయింది, ఆమె బాధంతా అతను చిన్నప్పుడు కళ్ళారా చూశాడు. వెంటనే బెంగళూరుకు తీసుకుపోయాడు. సూదితో ముక్క తీసి పరీక్షకు పంపారు. రిజల్టు చెప్పే రోజుకు ఆమె నన్ను రమ్మంది.

"నువ్వు మాట్లాడగూడదు. నేనే మాట్లాడతా. నాకు అర్థం కాకుంటే మటుకు నిన్ను అడుగుతా. అప్పుడు చెప్పు. తగ్గించి చెప్పొద్దు, పెంచి చెప్పొద్దు."

కారులో దారంతా నేను మనసులో దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను.

డాక్టరు చిన్నవయసు అమ్మాయి. ఫైలు చూసి, సహజంగానే కొడుకు వైపు తిరిగి ఇంగ్లీషులో మొదలుపెట్టింది. రిపోర్టు బాగుంది, క్యాన్సర్ కాదు, బినైన్. అది వినగానే కొడుకు కళ్ళు తుడుచుకున్నాడు. ఆమె నా వైపు చూసింది. "బినైన్ అంటే హాని చేయనిది. మంచిగడ్డ" అన్నాను. తల ఊపింది. కానీ మాట అక్కడితో ఆగలేదు. కొడుకు అన్నాడు, అయినా తీసేద్దాం డాక్టర్, ఇంట్లో అందరికీ టెన్షన్, ఉంచుకుని చేసేదేముంది, ఈ వయసులో. డాక్టరు అంది, తీయమంటే తీస్తాం, పెద్ద ఆపరేషనేం కాదు, ఫలానా రోజు ఖాళీ ఉంది. కొడుకు ఫోన్లో క్యాలెండర్ తీశాడు. ఇదంతా ఇంగ్లీషులో, ఇద్దరి మధ్యా, చకచకా జరిగిపోతోంది. ఆమె మధ్య కుర్చీలో ఉంది. ఒకసారి డాక్టరు మొహం చూసింది, ఒకసారి కొడుకు మొహం చూసింది.

ఆ తర్వాత అడిగింది.

"డాక్టర్. ఈజ్ ఇట్ నెసెసరీ?"

స్పష్టంగా, తొందర లేకుండా అడిగింది. డాక్టరు మాట ఆపింది. కుర్చీని చక్రాల మీద ఆమె వైపు తిప్పుకుంది. అప్పటిదాకా ఆ కుర్చీ కొడుకు వైపే ఉంది.

"నాట్ నెసెసరిలీ," అంది డాక్టరు.

ఆమె వేళ్ళు కదిలాయి. నా వైపు తిరిగింది. "దీనికి తోక యాటికొచ్చింది మేడమ్మా?"

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆమె చెప్పినట్టే తగ్గించకుండా, పెంచకుండా చెప్పాలి. "తీసి తీరాలని ఏమీ లేదు అంటున్నారమ్మా. ఒక్కోసారి తీయాల్సి రావచ్చు. అందరికీ అక్కర్లేదు."

"ఒక్కోసారి అంటే యాపొద్దు? అది అడుగు. వద్దు, నేనే అడుగుతా." తిరిగి డాక్టరుతో, "వెన్ నెసెసరీ?" అంది.

వ్యాకరణం లేదు. ప్రశ్న ఉంది. డాక్టరు నెమ్మదిగా చెప్పుకొచ్చింది. గడ్డ పెరిగితే, ఆకారం మారితే, చర్మం మీద మార్పు కనబడితే తీయాలి. లేకుంటే మొదట ఆరునెలలకు ఒకసారి, తర్వాత ఏడాదికి ఒకసారి చూపించుకుంటే చాలు. మానకుండా రావాలి, అది మాత్రం నెసెసరీ అంది. "దట్ ఈజ్ నెసెసరీ" అని ఆమె కూడా అంది, పాఠం ఒప్పజెప్పినట్టు.

లేవబోతుంటే డాక్టరు కన్నడంలో నవ్వుతూ అడిగింది, మీకు కన్నడం వచ్చు కదమ్మా, కన్నడంలో అడిగినా చెప్పేదాన్ని కదా అని. ఆమెకు కన్నడం బాగా వచ్చు, అంగడికి వచ్చేవాళ్ళలో సగంమంది అటువాళ్ళే. కన్నడంలోనే జవాబిచ్చింది. ఆమె అన్నది తెలుగులో ఇలా ఉంటుంది: "కన్నడంలో అడిగితే నాకు ధైర్యం చెప్తారు. నిజం మటుకు నా కొడుక్కి ఇంగ్లీషులో చెప్తారు. నాకు ఆ రెండోది కావల్ల."

డాక్టరు నవ్వలేదు. లేచి తలుపు తీసి పట్టుకుంది.

వస్తుంటే ఆమె వెనక సీట్లో హాయిగా నిద్రపోయింది. పెనుకొండ దగ్గర టీకి ఆపాక కొడుకు నన్ను పక్కకు పిలిచాడు. మొహం నల్లబడి ఉంది. "మా అత్తను నేను చూసినా మేడమ్. మీరు చూళ్ళేదు. రేపు మా అమ్మకు ఏమన్నా అయితే దానికి మీరే బాధ్యులు" అన్నాడు. అతను చెడ్డవాడు కాదు. భయపడ్డవాడు. ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు.

తర్వాత నాకు పెళ్ళయింది. కొత్తచెరువుకు వచ్చేశాను, ఇక్కడే బడిలో చేరాను. మిద్దె మీది క్లాసు మూసేశాను. మొదట్లో ఆమెకు ఫోన్ చేసేదాన్ని. పిల్లలు పుట్టాక అదీ తగ్గిపోయింది. కోడలి స్టేటస్‌లలో ఎప్పుడైనా కనబడేది, వరలక్ష్మీ పూజ దగ్గరో, మనవడి పుట్టినరోజులోనో, అదే నూలుచీరలో. బతికి ఉంది, బాగుంది అనుకుని తృప్తిపడేదాన్ని. నిజం చెప్పాలంటే, ఫోన్ చేసి గడ్డ ఎలా ఉందని అడగడానికి భయం. నేను నేర్పిన ఒక మాట పట్టుకుని ఒక మనిషి ఆపరేషన్ వద్దనుకుంది. బోర్డు మీద మాట రాస్తాం, అర్థం చెప్తాం, చెరిపేస్తాం. అది ఎవరింటికి పోయి ఏం చేస్తుందో మనకు తెలియదు. కొత్త మాట రాసేముందు నా చెయ్యి ఇప్పటికీ ఒక క్షణం ఆగుతుంది.

ఆమె సమారాధన భోజనాల రోజు ధర్మవరం పోయాను. పొద్దున ఏమీ తినబుద్ధి కాలేదు. అంతకుముందు రోజుల్లో కూడా తిన్నదీ లేదు, నిద్రపోయిందీ లేదు. బస్సులో కూర్చుని ఆమె కొడుకు ఏమంటాడో, నేనేమనాలో అనుకుంటూనే ఉన్నాను. నలుగురిలో అంటే పడాలి. విడిగా అన్నా పడాలి. చిత్రావతి వంతెన మీద బస్సు పోతుంటే కింద ఇసుక తప్ప ఏమీ కనబడలేదు. నా నోరు కూడా అలాగే ఎండిపోయి ఉంది.

ఇంటి ముందు షామియానా వేశారు. కొడుకు గుమ్మంలోనే ఉన్నాడు, గుండు చేయించుకుని. నన్ను చూసి ఎదురొచ్చాడు.

"మేడమ్, రాండి. ఫోన్ చేద్దామనుకుంటి, నంబరు పాత ఫోన్లో పోయినాది. అమ్మ ఎప్పుడూ మీ మాట తీస్తాండె."

"ఎట్లా అయింది?" అన్నాను.

"పొద్దున కాఫీ తాగి, పేపర్ చూస్తా కుర్చీలో కూర్చోనుండె. మా ఆమె లోటా తీసేకి పోతే తల పక్కకు వాలి ఉండాది. గుండె ఆగిపోయినాదంట. నొప్పి గూడా తెలిసుండదని చెప్పినారు."

"మరి..." అన్నాను. "ఆ గడ్డ?"

"ఏ గడ్డ?"

నేను అతని మొహం చూశాను. నిజంగానే అతనికి గుర్తు లేదు. నేను ఇన్నేళ్ళుగా మోసినదాన్ని అతను ఎక్కడో దింపేసి మర్చిపోయాడు.

"బెంగళూరు పోయింటిమి కదా. రొమ్ములో గడ్డ."

"ఓ, అదా." చేత్తో గుండు తడుముకున్నాడు. "అది అట్లే ఉండె మేడమ్. బఠాణీ గింజంత ఉండె, అంతే ఉండాది. మొన్న ఉగాది ముందర గూడా చూపిచ్చుకోని వస్తిమి. ఆ డాక్టరుకి అమ్మ అంటే శానా ఇష్టం. యాడాదీ మానకుండా తనే తేదీ గుర్తు పెట్టుకోని నన్ను పిల్చుకోని పోతాండె."

"మీరు ఆరోజు చెప్పారు, ఏమన్నా అయితే నాదే బాధ్యత అని."

"నేనా? అంటినా అట్ల?" కొంచెంసేపు ఆలోచించాడు. "అనింటానేమో. అప్పుడు నాకు బుర్ర పని చేసేది ల్యా." తర్వాత నా మొహంలో ఏం కనిపించిందో, గొంతు మార్చి, "ఇన్ని రోజులు అది మనసులో పెట్టుకున్నారా? యాటికి మేడమ్? ఒక ఫోన్ చేసింటే చెప్తాంటిమి కదా" అన్నాడు.

నేను లోపలికి పోయి ఆమె ఫోటో ముందు కూర్చున్నాను. అప్పుడొచ్చింది ఏడుపు. ఆగకుండా వచ్చింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఎవరీమె, ఇంతగా ఏడుస్తోందని చూశారు. ఆ ఏడుపులో దుఃఖం ఎంతో, బరువు దిగిన సుఖం ఎంతో నాకే తెలియదు. ఆమె నొప్పి లేకుండా, కాఫీ తాగి, తన కుర్చీలో, తన ఒంటితో పోయింది. అదొక్కటే నాకు పదే పదే తోచింది.

కోడలు వచ్చి నా భుజం పట్టి లేపింది. "రాండి మేడమ్, ముందు భోంచెయ్యండి. మొగం పీక్కపోయింది." పంక్తిలో కూర్చోబెట్టి తనే వడ్డించింది. చిత్రాన్నం, వంకాయ కూర, పప్పు, ఓళిగలు అనే బొబ్బట్లు. ఓళిగ మీద నెయ్యి పోసింది. ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాక తెలిసింది, నాకెంత ఆకలిగా ఉందో. చావింట్లో ఇలా తినొచ్చా అని ఒకసారి అనిపించింది. అయినా చెయ్యి ఆగలేదు. రెండోసారి పప్పు అడిగాను. మళ్ళీ ఓళిగ అడిగాను. కోడలు నా పక్కనే కూర్చుని వాళ్ళ అత్త ముచ్చట్లు చెప్తూ ఉంది, ఎవరెవరితో ఎలా పోట్లాడిందో, ఆఖరి రోజుల్లో తనకు చీర మడవడం మళ్ళీ కొత్తగా నేర్పబోయి ఎలా విసిగించిందో. చెప్తూ చెప్తూ నవ్వింది, నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది.

"ఇంగో ఓళిగ ఏస్తా మేడమ్?"

"వెయ్యి" అన్నాను.

సాయంత్రం హిందూపురం బస్సు ఎక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది. వేడిగాలే, అయినా మొహానికి తగులుతుంటే హాయిగా ఉంది. కొత్తచెరువులో దిగాలని అనుకోవడం గుర్తుంది. ఆ తర్వాత ఏమీ గుర్తు లేదు.

కండక్టరు సీటు మీద తట్టాడు. "అమ్మా, యాడ దిగల్ల నువ్వు?"

కళ్ళు తెరిచి చూస్తే తెలియని బస్టాండు, బోర్డు మీద గోరంట్ల అని ఉంది. కొత్తచెరువు ఎప్పుడో దాటిపోయింది. గబగబా దిగాను. చేతిలో ఫోన్ మోగుతోంది, నా భర్త.

"యాడుండావ్? చేరాల్సిన టైమ్ దాటిపోయింది."

"గోరంట్లలో."

"గోరంట్లలో ఏం చేస్తాండావ్?"

"నిద్రపోయినా," అన్నాను. "బాగా నిద్రపట్టింది."